కప్లర్‌లో 5 వోల్టులు ఉన్నాయి, సెన్సర్ కొత్తది, అయినా టెంపరేచర్ తప్పు: ఒక కేస్ స్టడీ

బెంగళూరులో కె.ఆర్.పురం వైపు ఒక చిన్న వర్క్‌షాప్‌లో ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తాను. వైరింగ్, సెన్సర్లు, స్కానింగ్ నా రోజువారీ పనులు. ఈ కేసును పూర్తిగా రాసి పెట్టాలనుకోవడానికి కారణం ఉంది. దీన్ని తేల్చిన లెక్క పదో తరగతిలో అందరం చదివిన ఓమ్ నియమమే. కానీ మీటర్ వైరును తప్పు చోట పెట్టినందుకు అదే లెక్క నన్ను ఒక పూటంతా తప్పుదారి పట్టించింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్లకు ఆ రెండు సంగతులూ తెలియాలి. బండి ఎవరిదో తెలిసే వివరాలు తీసేశాను.

బండి సంగతి

నాలుగు సిలిండర్ల పెట్రోల్ సెడాన్, ఎనిమిదేళ్లు దాటింది. యజమాని కడప వైపు నుంచి వచ్చి ఇక్కడ క్యాబ్ నడుపుకుంటున్నాడు. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని నేరుగా కొలిచే ఎయిర్ ఫ్లో మీటర్ ఇందులో లేదు. ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టాన్ని మానిఫోల్డ్ అంటారు, అందులో ప్రెషర్ ఎంతో మ్యాప్ సెన్సర్ చెబుతుంది. గాలి ఎంత వేడిగా ఉందో ఎయిర్ ఫిల్టర్ బాక్స్ మీదున్న రెండు పిన్నుల సెన్సర్ చెబుతుంది. ఆ రెండింటినీ కలిపి లోపలికి వెళ్లే గాలి బరువును ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, లెక్క కట్టి, దానికి తగ్గ పెట్రోల్ వదులుతుంది. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి ఎక్కువ పెట్రోల్, వేడి గాలి పలచన కాబట్టి తక్కువ పెట్రోల్. ఎయిర్ ఫ్లో మీటర్ ఉన్న బండిలో ఈ సెన్సర్ కాస్త తప్పు చెప్పినా పెద్దగా తెలియకపోవచ్చు. ఇలాంటి బండిలో మాత్రం పెట్రోల్ లెక్క నేరుగా దాని మీద కూడా ఆధారపడుతుంది.

ఆయన చెప్పింది ఇది: "పొద్దున్నే బాగుంటాదన్నా. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో గంటసేపు ఇరుక్కుంటే చాలు, పికప్ ఉండదు, పెట్రోల్ వాసన. ఆపి మళ్లీ స్టార్ట్ చేయాలంటే రెండు మూడు సార్లు సెల్ఫ్ కొట్టాల." లీటరుకు 16 కిలోమీటర్లు వచ్చే బండి 13కి పడిపోయింది. చెక్ ఇంజన్ లైట్ మాత్రం వెలగలేదు.

మా దగ్గరకు రాకముందే ఇంకో చోట ప్లగ్గులు మార్చారు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు, థ్రాటిల్ బాడీ క్లీన్ చేశారు. చివరికి స్కానర్‌లో, అంటే ఈసీయూ చూస్తున్న విలువలను చూపే పరికరంలో, గాలి టెంపరేచర్ తక్కువగా కనబడిందని ఆ సెన్సర్ కూడా మార్చారు. ఏమీ మారలేదు. పాత సెన్సర్‌ను ఆయన కవర్లో చుట్టి డ్యాష్‌బోర్డ్ అరలో దాచుకున్నాడు. అది తర్వాత చాలా ఉపయోగపడింది.

"ఇంగ ఎంత పెట్టాల అన్నా?" అని అడిగినప్పుడు ఆయన ముఖం చూసి, కారణం రుజువయ్యేదాకా ఒక్క పార్ట్ కూడా కొనిపించకూడదని అనుకున్నాను.

మొదటి ఉదయం

బండిని రాత్రి మా దగ్గరే ఉంచమన్నాను. రాత్రంతా నిలబడ్డ ఇంజన్‌లో కూలెంట్, లోపలి గాలి, బయటి గాలి అన్నీ దాదాపు ఒకే వేడికి వస్తాయి. అప్పుడు సెన్సర్లను ఒకదానితో ఒకటి పోల్చుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. ఉదయం స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి చూశాను. కూలెంట్ 24 డిగ్రీలు. గాలి 3 డిగ్రీలు, అదీ నిలకడగా లేదు, 1కీ 6కీ మధ్య ఊగుతోంది. బెంగళూరులో 3 డిగ్రీల ఉదయం నేను ఎప్పుడూ చూడలేదు.

మ్యాప్ సెన్సర్ 91 కిలోపాస్కల్ చూపించింది. సముద్ర మట్టం దగ్గర 101 ఉంటుంది. మన ఊరు 900 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ 91 సరైనదే. అంటే ప్రెషర్ వైపు తప్పు లేదు.

తర్వాత ఇంజన్ వేడెక్కించి ఫ్యూయల్ ట్రిమ్, అంటే లెక్క కట్టిన పెట్రోల్‌ను ఈసీయూ ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూశాను. మొదట్లో మైనస్ 6 శాతం దగ్గర ఉన్నది, బానెట్ కింద వేడి పెరిగేకొద్దీ మైనస్ 13కి జారింది. అంటే పెట్రోల్ ఎక్కువ పడుతోందని పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ కనిపెట్టి, ఈసీయూ చేత కోత పెట్టిస్తోంది. స్టార్ట్ అయ్యే క్షణాల్లో, గట్టిగా తొక్కినప్పుడు ఆక్సిజన్ సెన్సర్ సాయం ఉండదు. ఆ వాసన, ఆ సెల్ఫ్ కొట్టడం అప్పుడే. వేడి పెరిగితే తప్పు ఎందుకు పెరుగుతోందో మాత్రం ఆ ఉదయం నాకు తట్టలేదు.

లోపం కనబడితే ఈసీయూ నమోదు చేసే కోడ్ ఎందుకు రాలేదో చెప్పాలి. ఈ సర్క్యూట్‌కు పీ0113, పీ0112 అనే కోడ్లు ఉన్నాయి. వోల్టేజ్ దాదాపు 5 దగ్గరే ఉండిపోతే, అంటే వైర్ తెగితే మొదటిది వస్తుంది. సున్నా దగ్గర ఉండిపోతే, అంటే షార్ట్ అయితే రెండోది. వైర్ పూర్తిగా తెగితే చాలా బండ్లలో స్కానర్ మైనస్ 40 చూపిస్తుంది. 3 డిగ్రీలు అనేది ఈసీయూ దృష్టిలో జరగడానికి వీలున్న సంగతే. అది మనాలీ కాదు, బెంగళూరు అని దానికి తెలియదు.

నేను తప్పిపోయిన చోటు

ఈ సెన్సర్ లోపల ఉండేది ఎన్‌టీసీ థర్మిస్టర్. వేడెక్కితే దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. చాలా బండ్లలో కనిపించే బాష్ రకం సెన్సర్‌కు 0 డిగ్రీల దగ్గర 5,896 ఓములు, 20 దగ్గర 2,500, 40 దగ్గర 1,175, 60 దగ్గర 596. ఈ బండిలోదీ ఆ రకమే. కప్లర్, అంటే వైర్లను సెన్సర్‌కు కలిపే ప్లగ్, విప్పి సెన్సర్‌ను కొలిస్తే 2.15 కిలో ఓములు వచ్చింది. చార్ట్ ప్రకారం అది 24 డిగ్రీలు. సెన్సర్ బాగుంది.

అదే కప్లర్‌లో వైరింగ్ వైపు, ఇగ్నిషన్ ఆన్‌లో, రెండు పిన్నుల మధ్య 5 వోల్టులు వచ్చాయి. "5 వోల్టులు ఉన్నాయి, ఎర్త్ ఉంది, వైరింగ్ ఓకే" అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మన పనిలో చాలా మంది అలాగే రాసుకుంటారు.

సెన్సర్ బాగుంది, వైరింగ్ బాగుంది, కాబట్టి ఈసీయూ మీద అనుమానం వచ్చింది. ఈసీయూ లోపల 5 వోల్టుల నుంచి సిగ్నల్ పిన్నుకు ఒక రెసిస్టర్ ఉంటుంది, దాన్ని పుల్‌అప్ అంటారు. ఆ రెసిస్టర్, సెన్సర్ వరుసగా ఉండి 5 వోల్టులను తమ తమ రెసిస్టెన్స్‌ను బట్టి పంచుకుంటాయి. సెన్సర్ వాటా ఎంతో చూసి ఈసీయూ టెంపరేచర్ తెలుసుకుంటుంది. ఆ పుల్‌అప్ విలువ మారిపోయిందేమో చూద్దామని సెన్సర్ స్థానంలో 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టాను. గోధుమ, నలుపు, ఎరుపు గీతలున్నది, ఎస్.పి.రోడ్‌లో ఇలాంటివి కట్టలుగా దొరుకుతాయి. రెసిస్టర్ పెట్టడానికి కారణం దాని విలువ మారదు. సెన్సర్ అయితే చెయ్యి తగిలినా కదులుతుంది.

రెండు పిన్నుల మధ్య 0.81 వోల్టులు వచ్చింది. 1 కిలో ఓమ్‌లో 0.81 వోల్టులంటే కరెంట్ 0.81 మిల్లీ ఆంపియర్. మిగిలిన 4.19 వోల్టులను అదే కరెంట్‌తో భాగిస్తే 5.17 కిలో ఓములు. "పుల్‌అప్ 5.17 కిలో ఓములు" అని రాసి, ఈసీయూలోనే తేడా ఉండొచ్చని యజమానికి చెప్పాను. ఆయన ఆ సాయంత్రమే జె.సి.రోడ్‌లో సెకండ్‌హ్యాండ్ ఈసీయూ ధర కనుక్కున్నాడు. ఆ మాట అంత తొందరగా చెప్పకుండా ఉండాల్సింది.

లెక్క ఎదురు తిరిగింది

రాత్రి భోజనం చేస్తూ నోట్‌బుక్ చూస్తుంటే ఒక గీత దగ్గర ఆగిపోయాను. 1 కిలో ఓమ్ పెట్టినప్పుడు స్కానర్ 9 డిగ్రీలు చూపించింది. చార్ట్ ప్రకారం 1 కిలో ఓమ్ అంటే 45 డిగ్రీలు చూపాలి.

పుల్‌అప్ నిజంగా పెరిగిపోయి ఉంటే ఏం జరగాలి? 5 వోల్టుల్లో ఎక్కువ వాటా అదే తినేస్తుంది, సిగ్నల్ పిన్ను దగ్గర వోల్టేజ్ తగ్గుతుంది. వోల్టేజ్ తగ్గితే రెసిస్టెన్స్ తక్కువని, అంటే గాలి వేడిగా ఉందని ఈసీయూ అనుకోవాలి. ఇక్కడ జరుగుతున్నది సరిగ్గా తిరగబడి ఉంది. గాలి చల్లగా ఉందని అనుకుంటోంది. అంటే ఈసీయూకి కనబడే వోల్టేజ్ 0.81 కన్నా చాలా ఎక్కువ. నేను కొలిచింది ఒక చోట, అది చూసేది ఇంకో చోట.

అప్పుడు వెలిగింది. నేను మీటర్ రెండు వైర్లనూ రెండు పిన్నులకే పెట్టాను. ఈసీయూ మాత్రం సిగ్నల్‌ను తన సొంత ఎర్త్‌తో పోల్చి చూస్తుంది. సెన్సర్ నుంచి ఈసీయూ ఎర్త్‌కు తిరిగి వెళ్లే రిటర్న్ వైర్‌లో ఎక్కడైనా అడ్డంకి ఉంటే ఆ అడ్డంకి మీద పడే వోల్టేజ్ కూడా ఈసీయూ లెక్కలో చేరుతుంది, నా మీటర్‌కు మాత్రం కనబడదు. పైగా నా లెక్కలో ఆ అడ్డంకి రెసిస్టెన్స్ వెళ్లి పుల్‌అప్‌లో కలిసిపోతుంది. 5.17లో ఎంత పుల్‌అప్, ఎంత అడ్డంకి అని విడదీయకుండా మొత్తం నేరం ఈసీయూ మీద వేశాను.

ఉదయం 5 వోల్టులు ఎలా వచ్చాయన్నదానికీ జవాబు అక్కడే దొరికింది. కప్లర్ విప్పి కొలిచినప్పుడు సర్క్యూట్‌లో కరెంట్ దాదాపు పారదు. మీటర్ లోపలి రెసిస్టెన్స్ 10 మెగా ఓముల దగ్గర ఉంటుంది. కరెంట్ లేకపోతే అడ్డంకి మీద వోల్టేజ్ పడదు. 3 వేల ఓముల తుప్పు ఉన్నా 5 వోల్టులు 5 లాగే కనబడతాయి. కొళాయి మూసి ఉన్నప్పుడు పైపులో సగం పాచి పట్టినా ప్రెషర్ పూర్తిగానే ఉంటుంది. కొళాయి తిప్పితేనే ధార సన్నబడుతుంది. ఇదీ అంతే.

మర్నాడు అదే 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి, ఈసారి మీటర్ నల్ల వైరును బ్యాటరీ నెగటివ్‌కు బిగించాను. సిగ్నల్ పిన్ను దగ్గర 3.23 వోల్టులు. రిటర్న్ పిన్ను దగ్గర 2.42 వోల్టులు. రిటర్న్ పిన్ను అంటే ఎర్త్, అక్కడ కొన్ని మిల్లీ వోల్టులకు మించి ఉండకూడదు.

ఇప్పుడు లెక్క తేలిగ్గా విడిపోయింది. కరెంట్ 0.81 మిల్లీ ఆంపియర్. ఈసీయూ లోపల పడేది 5 నుంచి 3.23 తీసేస్తే 1.77 వోల్టులు, అంటే పుల్‌అప్ సుమారు 2.2 కిలో ఓములు. రిటర్న్ వైర్‌లో 2.42 వోల్టులు, అంటే సుమారు 3 కిలో ఓముల అడ్డంకి. ఈసీయూ బంగారంలా ఉంది. ముందుగా యజమానికి ఫోన్ చేసి, జె.సి.రోడ్‌కు వెళ్లొద్దని చెప్పాను.

వేడిలో తప్పు పెరగడం కూడా ఈ 3 కిలో ఓములతోనే అర్థమైంది. ఉదయం సెన్సర్ 2.15, అడ్డంకి 3, మొత్తం 5.15 కిలో ఓములు: చార్ట్‌లో 3 డిగ్రీలు. 24కు 3 చూపించడం అంటే 21 డిగ్రీల తేడా. ట్రాఫిక్‌లో గాలి 60 డిగ్రీలకు చేరితే సెన్సర్ 596 ఓములకు పడిపోతుంది, కానీ అడ్డంకి 3 కిలో ఓములు అలాగే ఉంటుంది. మొత్తం 3.6 కిలో ఓములు: చార్ట్‌లో 11 డిగ్రీలు. ఇప్పుడు తేడా 49 డిగ్రీలు. గాలి చిక్కదనం కెల్విన్ లెక్కలో టెంపరేచర్‌కు విలోమంగా ఉంటుంది. 60 అంటే 333 కెల్విన్, 11 అంటే 284. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే 1.17. అంటే దాదాపు 17 శాతం ఎక్కువ పెట్రోల్. ఉదయం ఇదే లెక్క 297ను 276తో భాగిస్తే 7 శాతం పైచిలుకు. ఈసీయూ కూలెంట్ వేడిని కూడా కలుపుకుంటుంది కాబట్టి అంకెలు అచ్చంగా సరిపోవు. అయినా మైనస్ 6 నుంచి మైనస్ 13కి జారిన ట్రిమ్‌తో ఇది చక్కగా పొసిగింది. కస్టమర్ చెప్పిన "పొద్దున బాగుంటాది, ట్రాఫిక్‌లో చెడిపోతాది" అన్న మాటకు అంకెల్లో రుజువు దొరికినట్టయింది.

జాయింట్ దొరికింది

వైర్ మొత్తం విప్పకుండా వెతకాలి. రెసిస్టర్ అలాగే ఉంచి, కరెంట్ పారుతుండగానే, ఇదివరకు ఎవరైనా చెయ్యి పెట్టినట్టున్న చోట్ల స్లీవ్ తీసి చూశాం. వైర్ తొడుగుకు సూదితో గుచ్చి కొలవడం నాకిష్టం లేదు, ఆ రంధ్రంలోంచే వచ్చే వానల్లో నీళ్లు దూరతాయి. బ్యాటరీ ట్రే కింద నల్ల టేప్ ఉండ ఒకటి కనిపించింది. విప్పితే రెండు వైర్లు మెలితిప్పి కట్టి ఉన్నాయి, సోల్డర్ లేదు, లోహపు గొట్టంతో నొక్కి బిగించే క్రింప్ లేదు. రాగి పచ్చగా పొడిపొడిగా రాలుతోంది. పక్క వైర్ల మీద ఎలుక పళ్ల గాట్లు. పాత ఎలుక కాటుకు ఎవరో రోడ్డు పక్కన చేసిన రిపేర్ అది. యజమానిని అడిగితే 2022 సెప్టెంబర్ వానల్లో బెళ్లందూరు వైపు బండి నీళ్లలో ఒక రాత్రి ఉండిపోయిందని చెప్పాడు. ఆ జాయింట్ ఇవతల 2.4 వోల్టులు, అవతల సున్నా.

బ్యాటరీ తీసేసి ఆ జాయింట్‌ను ఓమ్ మీటర్‌తో కొలిస్తే ఒక దిక్కున 1.8 కిలో ఓములు, వైర్లు తారుమారు చేస్తే 2.6 వచ్చింది. రాగి తుప్పు మామూలు రెసిస్టర్‌లా నడుచుకోదు. రాగి ఆక్సైడ్ సెమీకండక్టర్, ఒకప్పుడు దానితోనే రెక్టిఫయర్లు చేసేవారు. అందుకే తుప్పు పట్టిన చోట ఓమ్ మీటర్ అంకెను నేను నమ్మను. సర్క్యూట్‌లో అసలు పారే కరెంట్‌తోనే వోల్టేజ్ ఎంత పడుతోందో చూస్తాను.

మా దగ్గర పని నేర్చుకుంటున్న అబ్బాయి, రిటర్న్ పిన్నును బాడీ ఎర్త్‌కు కలిపేద్దామా అన్నాడు. పరీక్ష కోసం ఒక జంపర్ వైర్‌తో అలాగే కలిపి చూశాను. సిగ్నల్ 1.56 వోల్టులకు దిగింది, స్కానర్ 45 చూపించింది. రోగ నిర్ధారణకు అది చాలు. కానీ శాశ్వతంగా అలా వదిలేయడానికి ఒప్పుకోలేదు. ఫ్యాన్, హెడ్‌లైట్ల కరెంట్ అంతా బాడీ గుండానే వెనక్కి వెళ్తుంది, దానివల్ల బాడీకీ ఈసీయూ ఎర్త్‌కీ మధ్య చిన్న వోల్టేజ్ ఏర్పడుతుంది. ఈ సర్క్యూట్‌లో 50 డిగ్రీలకు 1.37 వోల్టులు, 60కి 1.07, అంటే డిగ్రీకి 0.03 వోల్టులు మాత్రమే. 0.1 వోల్టు తేడా వచ్చినా 3 డిగ్రీలు ఎగిరిపోతుంది, అదీ ఫ్యాన్ ఆన్ అయినప్పుడల్లా. కంపెనీ వాళ్లు సెన్సర్ రిటర్న్‌ను విడిగా ఈసీయూ దాకా తీసుకెళ్లింది అందుకే. అబ్బాయి చేతే ఆ లెక్క వేయించాను.

తుప్పు వైర్ తొడుగు లోపల కూడా చాలా దూరం పాకింది. మెరిసే రాగి కనబడేదాకా రెండు వైపులా కత్తిరించుకుంటూ వెళ్లి, 0.5 చదరపు మిల్లీమీటర్ల కొత్త వైర్ ముక్క వేసి, క్రింప్ చేసి, లోపల జిగురుండి, వేడి చేస్తే బిగుసుకునే హీట్‌ష్రింక్ గొట్టం తొడిగాను. ఎలుక కొరికిన వైర్లు అదే కట్టలో ఇంకో రెండు ఉన్నాయి, రాగి దెబ్బతినలేదు, తొడుగు మాత్రమే. వాటినీ సీల్ చేసి ట్రే కింద నుంచి పైకి మార్చి కట్టాం.

తర్వాత

రిటర్న్ పిన్ను దగ్గర 2.42 వోల్టులు కాస్తా 4 మిల్లీ వోల్టులకు వచ్చాయి. నేర్చుకున్న ట్రిమ్ విలువలు చెరిపేసి బండి ఇచ్చాను. మర్నాడు ఉదయం ఆయనే స్టార్ట్ చేయకుండా నేనిచ్చిన చిన్న స్కానర్‌తో చూసి ఫోన్ చేశాడు: కూలెంట్ 23, గాలి 23. మూడు రోజుల తర్వాత ట్రిమ్ ప్లస్, మైనస్ 3 శాతం లోపే ఉంది. ట్యాంక్ నిండుగా పోయించి, మళ్లీ నింపించి లెక్క వేస్తే 15.8 వచ్చింది.

పాత సెన్సర్‌ను కూడా పరీక్షించాను, ఎందుకంటే ఆయన దానికోసం డబ్బు పెట్టాడు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి కరుగుతున్న ఐస్‌లో ముంచితే 5.9 కిలో ఓములు. మరిగే నీళ్లలో 202 ఓములు. చార్ట్‌లో 100 డిగ్రీలకు 187 అని ఉంటుంది. 202 చూసి సెన్సర్ పోయిందనుకోకూడదు. మన ఊళ్లో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, 97కు లెక్క వేస్తే సరిగ్గా 202 వస్తుంది. అంటే మొదటి సెన్సర్‌లో ఏ లోపమూ లేదు. ఆయనకు ఆ మాట చెప్పి, దాన్ని స్పేర్‌గా ఉంచుకోమని ఇచ్చాను. నేను పొరపాటున ఈసీయూ పేరు చెప్పిన రోజు పనికి డబ్బు తీసుకోలేదు.

ఈ కేసు తర్వాత మా దగ్గర పద్ధతి మారింది. రెండు వైర్ల టెంపరేచర్ సెన్సర్ ఏది వచ్చినా కప్లర్ విప్పి 5 వోల్టులు చూసి ఓకే రాయడం మానేశాం. 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి, నల్ల వైర్ బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి, సిగ్నల్ పిన్ను, రిటర్న్ పిన్ను రెండూ రాస్తాం. పక్కనే స్కానర్ చూపిన డిగ్రీలు రాస్తాం. ఆ డిగ్రీలను చార్ట్‌లో ఓములుగా మార్చి, అందులోంచి 1 కిలో ఓమ్ తీసేస్తే మిగిలేది ఎంతో అక్కడే కనబడుతుంది. ఆ మొదటి రోజు ఉదయం నేను స్కానర్ 3 డిగ్రీలను 5.15 కిలో ఓములుగా మార్చి, చేతిలో ఉన్న 2.15తో పోల్చి ఉంటే, 3 కిలో ఓముల అడ్డంకి ఏ వైరూ ముట్టుకోకముందే తేలిపోయేది.

వానాకాలం వెళ్లాక ఆయన మామూలు సర్వీస్‌కు వచ్చినప్పుడు ఆ అబ్బాయే మీటర్ తీసుకుని, ఎవరూ చెప్పకుండానే నల్ల వైర్‌ను బ్యాటరీ నెగటివ్‌కు తగిలించి రిటర్న్ పిన్ను చూశాడు. 5 మిల్లీ వోల్టులు.